సరస్సు వైపు ఒరిగే చారు

కరెనో ఊళ్లో పొద్దున పూట పనులు ఆలస్యంగా మొదలయ్యేవంటే దానికి కారణం తోహెయి గారి ఇల్లు. ఆయన ఊరి పెద్ద. తెల్లవారగానే నలుగురూ ఏదో ఒక పని పెట్టుకుని ఆ ఇంటికే వచ్చేవాళ్లు. ఒకరికి నిప్పు కావాలి, ఇంకొకరికి కొడవలి కావాలి, మూడో ఆయనకి ఏం కావాలో గుమ్మంలో నిలబడ్డాక ఆలోచించుకునేవాడు. సరిగ్గా అదే సమయానికి ఆ ఇంటి అల్లుడు సకుజో మిసో అనే సోయా ముద్ద కలిపిన చారు తాగుతుండేవాడు. అదంతా కాకతాళీయమని అందరూ అనేవాళ్లు.

అందరి గిన్నెల్లో చారు బల్లపరుపుగా ఉండేది. సకుజో గిన్నెలో తూర్పు వైపుకి ఒరిగి ఉండేది. తూర్పున కొండ ఉంది. కొండ అవతల సరస్సు ఉంది. సరస్సు ఒడ్డున ఉన్న ఒకుహామాలో అతను పుట్టాడు. టీ ఒరిగేది కాదు, మంచినీళ్లు ఒరిగేవి కావు. ఒక్క చారే. చేత్తో గిన్నె తూర్పు అంచుని కాస్త పైకెత్తి, ఒలకకుండా, చాలా మర్యాదగా తాగేవాడు. చిన్నప్పుడు ఊళ్లు తిరిగినప్పుడు, ఎక్కడున్నా చారు తన ఇంటి వైపే ఒరుగుతుంటే నేర్చుకున్న ఒడుపట అది. అతను ఎప్పుడు ఒలకబోసుకుంటాడా అని చూడ్డానికి వచ్చినవాళ్లు నిప్పు మరిచిపోయి ఇంటికి వెళ్లేవాళ్లు.

అతను కూర్చునేది తూర్పు ముఖంగా. ఎదురుగా వంటిల్లు. అక్కడ పొయ్యి దగ్గర అతని భార్య ఒనుయి ఉండేది. ఈ వంటింటి సంగతి గుర్తుంచుకోండి. మాకెవరికీ గుర్తు లేకపోయింది.

కరెనోకి మొదటినుంచీ నీళ్లు లేవు. వాన పడితే పంట, పడకపోతే కబుర్లు. కొర్రలు, గోధుమలు, ముల్లంగి తిని బతికేవాళ్లం. వరి అన్నం పండక్కో, ఎవరైనా పోయినప్పుడో దొరికేది. అందుకే ఎవరింట్లోనైనా ముసలాయన దగ్గితే ఊరంతా వచ్చి ఎంతో ప్రేమగా పలకరించేది. కొండ అవతల మాత్రం సరస్సు నిండా నీళ్లు. ఒకుహామా వాళ్లు వాటిలో చేపలు పట్టుకుంటూ, ఆ నీళ్లని తామే కని పెంచినట్టు మాట్లాడేవాళ్లు. కొండకి సొరంగం తవ్వుకుంటాం, కాస్త నీళ్లివ్వండి అని అడిగితే, పరాయివాళ్లకి ఇవ్వమన్నారు.

తోహెయి ఇంటికి వచ్చి చాలాసేపు పొగ తాగి, పరాయితనం పోగొట్టే ఉపాయం కనిపెట్టాడు. ఆయనకి ఒనుయి ఒక్కతే కూతురు. ఒకుహామా పెద్దగారి తమ్ముడి కొడుకుని ఇల్లరికం తెచ్చుకున్నాడు. సొంత పిల్లాడి పొలానికి నీళ్లివ్వమంటే వాళ్లకే నామోషీ కదా. అలా సకుజో ఒక చాపా, రెండు జతల బట్టలూ, ఒరిగే చారుతో కొండ దిగి వచ్చాడు. ప్రభువు గారి అనుమతి వచ్చింది. ఉత్తరాది బంగారు గనుల్లో పనిచేసిన యసోజి అనే మేస్త్రి వచ్చాడు. మా వైపునుంచి మేమూ, సరస్సు వైపునుంచి వాళ్లూ తవ్వడం మొదలుపెట్టాం. మధ్యలో కలవాలి.

కలవలేదు.

ఆ చలికాలానికి లెక్కప్రకారం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ ఉండాలి. అవతలివాళ్ల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి, కానీ ఎటునుంచి వినిపిస్తున్నాయో తెలియడం లేదు. యసోజి మేస్త్రి రాతికి చెవి ఆనించి, "ముందు నుంచి," అనేవాడు. ఇంకాసేపటికి, "పైనుంచి," అనేవాడు. మధ్యాహ్నం తిండి తిన్నాక వింటే వెనకనుంచి వినిపించేది. ఆవనూనె దీపాల పొగకి మా ముఖాలన్నీ ఒకేలా నల్లబడి, ఎవరు ఎవరో కూడా తెలిసేది కాదు. ఒకరోజు తోహెయి తన అల్లుడనుకుని కమ్మరివాడిని అరగంట తిట్టాడు. కమ్మరివాడు తనేం తప్పు చేశాడో తెలియక, చేసే ఉంటానని ఒప్పుకున్నాడు.

ఆఖరికి ఒకుహామా మనుషులు పోట్లాటకి మా ఊరికి వచ్చారు. తోహెయి ఇంట్లో నిప్పు గుంట చుట్టూ అందరూ కూర్చున్నారు. ముందుగా కొండమీద గడలు పాతి సొరంగానికి దారి గుర్తు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. తప్పు తమది కాదని చెప్పడానికి ఒకరిని మించి ఒకరు తొందరపడ్డారు.

"మేం అంతా తిన్నగానే పాతాం," అన్నాడు మా గడలవాడు హంపెయి. అతను తిన్నగా ఇంటికి వెళ్లిన రోజు లేదు. "ఒక్క కొండ దేవత దేవదారు దగ్గరే తప్పుకున్నాం. దేవతదని తాడు కట్టిన చెట్టు కదా, ఆ హద్దు లోపల గడ పాతితే ఇంకేమైనా ఉందా? చెట్టుని కుడిచేతి వైపు ఉంచుకుని, మర్యాదగా పక్కనుంచి వెళ్లాం."

"మేమూ కుడిచేతి వైపే ఉంచుకున్నాం," అన్నాడు ఒకుహామావాడు. "దాటాక మళ్లీ పాత వరసలోకి రాలేదు. వస్తే దేవతకి వీపు చూపించినట్టవుతుంది."

"మేమూ అంతే. అలాగే ముందుకి పోయాం."

రెండు ఊళ్లూ ఒక మాటమీదికి వచ్చినందుకు అందరూ చాలా సంతోషించారు. ఒకరికొకరు సాకే సారా పోసుకున్నారు. కాసేపటికి యసోజి మేస్త్రి తన గిన్నె కింద పెట్టాడు.

"మీరు ఇటునుంచి వెళ్లారు," అన్నాడు నెమ్మదిగా. "మీరు అటునుంచి వచ్చారు. ఎవరి కుడిచేతి వైపు వాళ్లు ఉంచుకుంటే, ఒకరు చెట్టుకి ఈ పక్క, ఇంకొకరు ఆ పక్క."

అలా తెలిసింది. కొండ కడుపులో మా రెండు సొరంగాలూ పెళ్లిచూపుల్లో వధూవరుల్లా పక్కపక్కనే, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పోతున్నాయి. ఎంత దూరం తప్పుకున్నారని మేస్త్రి అడిగాడు. హంపెయి రెండు చేతులూ చాపి చూపించాడు. అతని పక్కనున్నవాడు, కాదు, ఒక వరి మడంత అన్నాడు. మా ఊళ్లో వరి మడి చూసినవాడు లేడు కాబట్టి దాని మీద ఎవరూ వాదించలేదు.

సరే, సరిదిద్దుకుందాం అని మేం కుడికి తిరిగి తవ్వాం. పాపం, ఒకుహామా వాళ్లూ సరిదిద్దుకుందామని తమ కుడికి తిరిగి తవ్వారు. ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్తులు ఒకే పక్కకి తప్పుకుని ఢీకొంటారే, సరిగ్గా దానికి తలకిందులైంది. మళ్లీ దాటిపోయాం. ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో యసోజి మేస్త్రి కూడా చెప్పడం మానేశాడు. రాతికి చెవి ఆనించి, అలాగే నిద్రపోయేవాడు.

తప్పు ఇద్దరిదీ అయినప్పుడు ఊళ్లో అందరికీ ఇబ్బందిగా ఉంటుంది. ఎవరో ఒకరిది అయితే బాగుంటుంది. మెల్లగా చూపులన్నీ సకుజో వైపు తిరిగాయి. సరస్సు వాడు. చేపలు తిని పెరిగాడు. నీళ్లు రాకుండా చెయ్యడానికే వాళ్లు పంపారేమో.

"అల్లుడూ," అన్నాడు తోహెయి ఒకరోజు, పొగ గొట్టం దులుపుతూ. "నారు పోసే కాలానికి సొరంగాలు కలవాలి. కలవకపోతే నీ చాపా, బట్టలూ నీకిచ్చేస్తాను. కొండ ఎక్కి వెళ్లిపో. ఊరికి నేను జవాబు చెప్పుకోవాలి."

"మామగారూ, ఒనుయికి..."

"కడుపులో ఉన్నది ఈ ఇంటి బిడ్డ. ఈ ఇంట్లోనే ఉంటుంది."

ఇల్లరికపు అల్లుడు ఏమంటాడు? అప్పటికి ఒనుయికి నెలలు నిండుతున్నాయి. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయి, మళ్లీ మొదలైంది.

ఉపాయం చెప్పింది సకుజో అత్తగారు ఒకిసె. ఆవిడ ఉపాయాలు చెప్పేది కాదు, సణిగేది. ఆ సణుగుడులోంచి కావలసినవాళ్లు ఉపాయాలు ఏరుకునేవాళ్లు. "ఇంటినిండా మగాళ్లు, చెవులు బండకేసి పడుకుంటారు. అబ్బాయి చారు రోజూ సరస్సుని చూపిస్తూనే ఉందాయె. దాన్నడిగే దిక్కు లేదు."

మర్నాడు సకుజో మూత పెట్టిన గిన్నెతో సొరంగంలోకి వెళ్లాడు. వెనక తోహెయి, మేస్త్రి, హంపెయి, పనున్నవాళ్లు, పని లేనివాళ్లు. ఆఖరి రాతి గోడ దగ్గర నిలబడి మూత తీశాడు. దీపం దగ్గరికి పట్టారు.

చారు వెనక్కి ఒరిగింది.

సకుజో గుండ్రంగా తిరిగాడు. గిన్నె తిరిగింది గానీ చారు తిరగలేదు. అది సరస్సుని వదిలేసి, వచ్చిన దారినే, కరెనో వైపే ఒరిగి ఉంది.

"అంటే మనం సరస్సు దాటిపోయామా?" అన్నాడు హంపెయి.

"దాటిపోతే తడిసేవాళ్లం కదా," అన్నాడు మేస్త్రి. కానీ ఆ మాట ఆయన కూడా అంత గట్టిగా అనలేదు.

"నాకూ తెలియడం లేదు," అన్నాడు సకుజో. అతని ముఖంలో నిజంగానే ఏమీ తెలియలేదు. "చిన్నప్పటినుంచీ ఇలా ఎప్పుడూ లేదు. మామగారూ, నమ్మండి, నేనేం చెయ్యలేదు."

తోహెయి గిన్నెలోకి చాలాసేపు చూశాడు. "వెనక్కి తవ్వమంటోంది నీ చారు," అన్నాడు. "ఊళ్లోకి తవ్వుకోమంటోంది. ఇన్నాళ్ల కష్టం మీద నవ్వుతోంది." సకుజో అర్థం కాక ఆ చారు తాగడం మరిచిపోయి, అలాగే ఇంటికి మోసుకొచ్చాడు. దారి పొడుగునా అది ముందుకే ఒరిగి, ఇల్లు చూసిన ఎద్దులా అతన్ని లాగుతూనే ఉందని హంపెయి తర్వాత చెప్పాడు. అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. కానీ హంపెయి సంగతి చెప్పాను కదా.

నారుమళ్లు దున్నే రోజులు వచ్చాయి. దున్నడానికి మళ్లు లేకపోయినా కాలమంటూ వస్తుంది. తోహెయి మాట తప్పే మనిషి కాదు. తప్పితే బాగుండునని ఆయనకే అనిపించినప్పుడు మరీ తప్పేవాడు కాదు. సకుజో చాప చుట్టి గుమ్మం దగ్గర పెట్టారు.

వెళ్లిపోయేవాడికి ఆఖరి భోజనం మర్యాదగా పెట్టాలి. ఆ రోజు అతన్ని రోజూ కూర్చునే చోట కాకుండా అతిథి పీట మీద కూర్చోబెట్టారు. వరి అన్నం వండారు. ఊరంతా వచ్చింది. అల్లుడు వెళ్తున్నాడనో, అన్నం వాసనకో, అడిగితే ఎవరూ చెప్పరు. ఒకిసె పళ్లెం తెచ్చి పెట్టింది. ముల్లంగి ఆకు వేసిన చారు. సకుజో గిన్నె ముట్టుకోలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఒనుయి ఆ పూట వంటింట్లో ఉండలేక, పడమటి గుమ్మంలో కూర్చుని అతని గడ్డి చెప్పుల తాళ్లు బిగిస్తోంది. కడుపు అడ్డం వచ్చి ఆ తాడు అందడం లేదు.

చారు పడమటికి ఒరిగి ఉంది.

తోహెయి చూశాడు. ముందు గిన్నెని చూశాడు, తర్వాత తూర్పున కొండని చూశాడు. కొండ ఉన్నచోటే ఉంది. అంతలో ఒనుయి తాడు వెతకడానికి లేచి, గది దాటి, వంటింట్లోకి వెళ్లింది. చారు నెమ్మదిగా గిన్నె చుట్టూ తిరిగి తూర్పుకి ఒరిగింది. ఆవిడ పెరట్లోకి వెళ్లింది. చారు పెరటి వైపుకి ఒరిగింది. ముల్లంగి ఆకు ఒకటి దాని వెంటే వెళ్లి అంచున ఆగింది. ఆవిడ తిరిగొచ్చి పడమటి గుమ్మంలో కూర్చుంది. చారు కూడా వచ్చి సర్దుకుంది.

గదిలో కొందరు అన్నం కోసం ఆగారు, కొందరు మాటల కోసం.

"ఒనుయీ," అన్నాడు తోహెయి చివరికి. "ఆ చెప్పులు నువ్వు తొడుక్కో."

"నాకా నాన్నా?"

"కొండ అవతలికి వెళ్లాల్సింది నువ్వు. ఒకుహామా వాళ్ల సొరంగంలోకి వెళ్లి ఆఖర్న కూర్చో. నీ మొగుడు ఇటునుంచి గిన్నె పట్టుకుంటాడు." అని, సకుజో వైపు చూడకుండా, "తిను. చల్లారిపోతోంది. రేపు పని ఉంది," అన్నాడు.

సకుజోకి ఏం జరిగిందో ఇంకా తెలియలేదు. అతను మామగారిని చూశాడు, గిన్నెని చూశాడు, గుమ్మం దగ్గర చాపని చూశాడు. ఆ చాపని అప్పటికే ఎవరో లోపలికి తీసుకుపోతున్నారు.

అడ్డం పడింది యసోజి మేస్త్రి. "ఆడమనిషి సొరంగంలోకి వెళ్లడానికి లేదు. కొండ దేవత ఆడది. ఇంకో ఆడదాన్ని చూస్తే ఆవిడకి అసూయ. కొండ కూలుస్తుంది. ఏ గనిలోనైనా ఇదే పద్ధతి."

ఒకిసె గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "ఏమయ్యా మేస్త్రీ, ప్రతి పురుటికీ కొండ దిగి వచ్చి తలాపున కూర్చునేది ఎవరు?"

"కొండ దేవత," అన్నాడు మేస్త్రి.

"నువ్వు పుట్టిన పురుటికి ఎవరొచ్చారు?"

"ఆవిడే వచ్చి ఉంటుంది."

"నిన్ను చూసి కూడా ఏమీ అనకుండా వెళ్లిందా లేదా? ఇంకో వారంలో మా ఇంటికి రావాల్సిన మనిషి, మేమే వాళ్లింటికి వెళ్తే కోప్పడుతుందా? పైగా అసూయ పడేది అందగత్తెలని చూసి. మా పిల్ల కాళ్లు చూడు, ముల్లంగి దుంపల్లా ఎలా వాచాయో. ఆవిడే కూర్చోమని పీట వేస్తుంది."

మేస్త్రికి ఒనుయి కాళ్లు చూడాలో వద్దో తెలియలేదు. నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు.

ఒనుయిని గుర్రం మీద కొండ దాటించారు. దేవదారు చెట్టు దగ్గర గుర్రం ఆగితే, దిగి, దణ్ణం పెట్టి, అలవాటు కొద్దీ చెట్టుని కుడిచేతి వైపు ఉంచుకుని వెళ్లింది. ఒకుహామాలో అత్తగారు మొదటిసారి కోడలిని చూసి, ఇంత చిక్కిపోయిందేమిటని అడిగింది. అలా అడగడం ఎక్కడైనా పద్ధతే, కనిపించేది ఎలా ఉన్నా. సరస్సు వైపు సొరంగం చివర రాతి గోడ ముందు మెత్తని గడ్డి వేసి ఆవిడని కూర్చోబెట్టారు. దేవత ఏమీ అనలేదు. పైనుంచి చిన్న రాయి కూడా రాలలేదు.

ఇటు సకుజో మూత తీశాడు. చారు గట్టిగా ఎడమకి, కాస్త కిందికి ఒరిగింది. మేస్త్రి సుద్దతో అక్కడ గీత గీశాడు. ఉలులు పడ్డాయి. కాస్త తవ్వడం, మళ్లీ గిన్నె చూడడం. చల్లారితే కొత్త చారు పట్టుకొచ్చేవాళ్లు, చల్లారినది ఎవరో ఒకరు తాగేవాళ్లు. ఆ పనికి మాత్రం ఎప్పుడూ మనుషుల కొరత రాలేదు. అవతల ఒనుయి నడుం నొప్పని పక్కకి జరిగితే ఇక్కడ గీత జరిగేది. "కదలొద్దని చెప్పండి ఆవిడకి," అని మేస్త్రి విసుక్కునేవాడు. చెప్పడానికి దారే అప్పుడు తవ్వుతున్నాం.

ఒక మధ్యాహ్నం ఉలి దెబ్బకి రాయి లోపలికి పడిపోయింది. పిడికిలంత కంత. అవతల వెలుతురు. ఇన్నాళ్లూ ఎదురుచూసి, ఏం మాట్లాడాలో ఎవరూ అనుకుని రాలేదు.

"ఎవరక్కడ?" అన్నాడు సకుజో.

"ఎవరైతే బాగుండునని ఉంది మీకు?" అంది ఒనుయి అవతలినుంచి. "ఆ చారు ఏమైనా మిగిలితే ఇటివ్వండి. పొద్దుటినుంచి వీళ్లు చేపలే పెడుతున్నారు."

గిన్నె ఆ కంతలో పట్టలేదు. వెడల్పు చెయ్యమని తోహెయి అరిచాడు. ఆయన గొంతు బొంగురుపోయింది. పొగ వల్ల అన్నాడు. ఆ రోజు దీపాలు చాలా తక్కువ వెలిగించాం.

నీళ్లు వచ్చాయి. మా సొరంగం మధ్యలో రెండు వంకర్లు తిరిగి, ఆఖర్న మోచేయిలా ఒక మడత పడి ఉంటుంది. పై ఊళ్లవాళ్లు వచ్చి, ఇంత తెలివైన మేస్త్రి ఇలా ఎందుకు తవ్వించాడని అడుగుతారు. నీటి వేగం తగ్గించడానికని యసోజి మేస్త్రి చెప్పుకున్నాడట. ఆయన్ని గౌరవించి మేమూ అదే చెబుతాం. హంపెయికి మొదటిసారి ఒక వరి మడి వచ్చింది. దాని వెడల్పు చూసి, చెట్టు దగ్గర తాము తప్పుకున్నది అంత లేదని ఒప్పుకున్నాడు.

ఒనుయి గుర్రం మీదే తిరిగొచ్చింది. ఆడపిల్లని కంది. పురిటి చాప ఎత్తిన పొద్దున ఊరంతా తోహెయి ఇంటికి వెళ్లాం. నిప్పు కావాల్సి వచ్చింది.

సకుజో తన పాత చోటులో, తూర్పు ముఖంగా కూర్చున్నాడు. ఎదురుగా వంటింట్లో ఒనుయి ఉంది. వెనక, పడమటి గదిలో, ఉయ్యాల బుట్టలో పిల్ల ఉంది. ఒకిసె చారు పెట్టింది.

చారు ఎటూ ఒరగలేదు. కాస్త వణికింది, ఇటు చూసింది, అటు చూసింది, మధ్యలో నిలబడిపోయింది. కొండ దిగి వచ్చాక సకుజో అలాంటిది చూడలేదు. తను ఎటువైపు వాడో ఆ క్షణాన అతనికి తోచలేదు. తోచక, ఇన్నాళ్ల అలవాటు కొద్దీ గిన్నె ఎత్తి తూర్పు అంచుని పైకి లేపాడు. చారంతా వచ్చి ఒళ్లో పడింది.

మేం ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన దృశ్యం. తీరా జరిగాక ఎవరికీ నవ్వు రాలేదు.

"బాగుంది," అంది ఒకిసె, గుడ్డ విసిరి. "ఇంట్లో కూర్చుని చారు తాగడం కూడా నేర్పాలా నీకు?"

తోహెయి తన గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"నేర్చుకుంటాడులే," అన్నాడు. "ఎక్కడికి పోతాడు."